నేల, నీరు, చెట్టు: పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ఈ నెల అందిన ఉత్తరాలలో నాలుగింటిని ఇక్కడ తీసుకున్నాను. నాలుగూ హైదరాబాదు నుంచి, దాని చుట్టుపక్కల నుంచి వచ్చినవే.

ప్రశ్న: మా పుట్టినూరు ములుగు దగ్గర. టేకు, మద్ది చెట్ల నడుమ పెరిగాను. వనస్థలిపురానికి వచ్చి పాతికేళ్లు దాటినా, నగరం చుట్టూ నాకు బండలు, సీతాఫలం పొదలు, తుమ్మకంపలే కనిపిస్తున్నాయి. ఇక్కడ కూడా ఒకప్పుడు మా వైపు లాంటి అడవి ఉండి, మనుషులు నరకడం వల్ల ఇలా అయిందా? లేక ఈ నేల తీరే ఇంతా? (ఒక పాఠకురాలు, వనస్థలిపురం)

జవాబు: అమ్మా, మీ వైపు లాంటి అడవి ఇక్కడ ఉండి ఉండే అవకాశం తక్కువ. అయితే మీరు ఇప్పుడు చూస్తున్నది కూడా ఈ నేల తనంతట తాను ఎంచుకున్న రూపం కాదు. ఈ రెండు మాటలకూ కారణాలు వేరు కనుక విడివిడిగా చెబుతాను.

ములుగు, భూపాలపల్లి వైపు ఏడాదికి 1,100 మి.మీ. పైగా వాన కురుస్తుంది. హైదరాబాదులో అది సుమారు 800 మి.మీ., దక్షిణాన గద్వాల వైపు వెళ్లేసరికి 600 మి.మీ. దరిదాపులకు దిగుతుంది. చెట్లు కూడా ఆ వరుసలోనే మారతాయి. ఉత్తరాన టేకు, నల్లమద్ది, ఏగిస వంటి ఎత్తయిన చెట్లుంటే, దిగివస్తున్నకొద్దీ చెట్టుకూ చెట్టుకూ ఎడం పెరిగి, పొదలు, ముళ్లు, గడ్డి ఎక్కువవుతాయి. పైగా మన ఎండకు, గాలికి ఇక్కడి నేల నుంచి, ఆకుల నుంచి ఆవిరి కాగల నీరు కురిసే వానకు రెట్టింపు. కురిసేదానిలో నాలుగింట మూడు వంతులు జూన్ నుంచి సెప్టెంబరు లోపలే కురిసిపోతుంది. కాబట్టి మిగిలిన ఎనిమిది నెలలు చెట్టు బ్రతకడం ఆ నాలుగు నెలల నీరు ఎక్కడ నిలిచిందన్న దాని మీద ఆధారపడుతుంది.

నిలిచే చోటు అంటే మన దగ్గర ముందుగా చెప్పుకోవలసినది బండ. సుమారు 250 కోట్ల ఏళ్ల నాటి గ్రానైటు మీద ఈ నగరం కూర్చొని ఉంది. పరుపుబండ మీద పడిన వాన జారి, దాని అంచున ఉన్న పగులులోకి, మొరంలోకి ఇంకుతుంది. అందుకే గుట్ట మీద అంతటా ఏమీ లేకుండా, ఒక్క పగులులో మాత్రం రావి, జువ్వి పెరిగి కనిపిస్తాయి. గుట్ట దిగితే నీటిని త్వరగా వదిలేసే ఎర్ర చెల్క వస్తుంది, ఇంకా దిగువన నీటిని పట్టి ఉంచే నల్లరేగడి, చెరువు శిఖం వస్తాయి. అక్కడ నల్లతుమ్మ, వాగు వెంట ఈత, కానుగ కనిపిస్తాయి. మెట్టపంటల మీద పనిచేసే అంతర్జాతీయ సంస్థ ఇక్రిశాట్‌కు పటాన్‌చెరులో 1972లో మొదలైన పరిశోధన క్షేత్రంలో ఎర్రనేల, నల్లరేగడి రెండూ ఒకే ఆవరణలో ఉన్నాయి. అదే వాన, అదే ఎండ, కానీ రెండు నేలల సేద్యపు రీతులు వేరు.

ఇక మనుషుల పాలు. ఆఫ్రికా ఖండమంతటా 800కు పైగా చోట్ల తీసిన లెక్కలతో 2005లో ఒక పరిశోధన వెలువడింది. ఏడాదికి సుమారు 650 మి.మీ. కంటె తక్కువ కురిసే చోట చెట్లు ఎంత దట్టంగా పెరగగలవో వానే తేలుస్తుందనీ, అంతకు మించి కురిసే చోట చెట్లు కమ్ముకోకుండా ఆపేవి నిప్పు, మేత అనీ అది చూపింది. ఆ అంకెను మన దక్కనుకు యథాతథంగా అతికించకూడదు, నేలలు వేరు, పశువులు వేరు. కానీ 800 మి.మీ. పడే హైదరాబాదు గురించి ఆలోచించడానికి అది మంచి ఆధారం. వాన ఒక్కటే కారణమైతే ఇక్కడ ఇప్పటికంటె చెట్లు ఎక్కువ ఉండాలి.

నిప్పు, మేత ఇక్కడ ఎప్పటివి అంటే, చాలా పాతవి. పాలమూరు ప్రాంతంలోని ఉట్నూరులో (ఆదిలాబాదు ఉట్నూరు వేరు) 1957లో పురావస్తు పరిశోధకుడు రేమండ్ ఆల్చిన్ ఒక బూడిదదిబ్బను తవ్వాడు. అది పశువుల దొడ్డిలో పేరుకున్న పేడను మళ్లీ మళ్లీ తగలబెట్టగా ఏర్పడిన దిబ్బ. గిట్టల ముద్రలు, దొడ్డి చుట్టూ పాతిన గుంజల గుంటలు కూడా అందులో బయటపడ్డాయి. నాలుగు వేల ఏళ్లకు పైబడిన ఆ కాలంలోనే ఈ పీఠభూమి మీద మందలు తిరిగాయన్న మాట. ఆ కాలానికి అటూ ఇటుగానే వాతావరణమూ మారసాగింది. గోదావరి సముద్రంలో కలిసే చోటికి ఎదురుగా బంగాళాఖాతం అడుగున పేరుకున్న ఒండ్రులో, వేల ఏళ్లుగా కొట్టుకువచ్చిన ఆకుల మైనపు పూత అణువులు నిలిచి ఉన్నాయి. చెట్లు గాలిలోని కార్బన్‌ను పట్టే పద్ధతి ఒకటి, జొన్న, సజ్జ వంటి వేడిసీమ గడ్డిజాతులు పట్టే పద్ధతి మరొకటి కనుక, ఆ మైనంలోని కార్బన్‌ను కొలిస్తే నదీ పరీవాహకంలో ఏ కాలంలో ఏ రకం మొక్కలు పెరిగాయో తెలుస్తుంది. సుమారు 4,000 ఏళ్ల కిందటి నుంచి 1,700 ఏళ్ల కిందటి దాకా పొడినేలకు అలవాటుపడిన మొక్కల పాలు క్రమంగా పెరిగిందనీ, ఆ తరువాత అదే స్థితి నిలిచిందనీ ఆ పొరలు చెబుతున్నాయి. మనిషి గొడ్డలి పట్టి అడవిని బీడు చేశాడన్న కథ ఒక్కటే చెప్పుకుంటే, వానలే తగ్గిన ఆ రెండు వేల ఏళ్లను వదిలేసినట్లవుతుంది.

మీరు అడిగిన సీతాఫలం పొదల సంగతికి వస్తాను. అది అమెరికా ఖండపు వేడి ప్రాంతాల నుంచి వచ్చిన చెట్టు. దాని ఆకును మేకలు ముట్టవు. తక్కిన మొలకలన్నిటినీ మంద కొరికి వేసిన గుట్ట మీద చివరికి మిగిలేది అదే. మన తంగేడు కూడా అంతే, దానినీ పశువులు పెద్దగా మేయవు. బతుకమ్మకు పేర్చే తంగేడు పువ్వు చెట్లు కమ్ముకున్న అడవి నుంచి కాక, మంద తిరిగిన బీడు నుంచి రావడానికి కారణం అదే. కాబట్టి మీకు కనిపించే పొదలు వాన తీర్చినవీ, బండ తీర్చినవీ, వాటన్నిటి మీద మేకల మంద ఏరి మిగిల్చినవీ.

ప్రశ్న: మార్చి ఎండల్లో, నేల బీటలు వారుతుంటే మా వీధి వేపచెట్టు చిగురించి పూస్తుంది. మోదుగ ఒక్క ఆకు లేకుండా ఎర్రగా పూస్తుంది. నీళ్లు లేని రోజుల్లో ఇది ఎలా సాధ్యం? (ఒక విద్యార్థి, పటాన్‌చెరు)

జవాబు: నీళ్లు లేనిది పైపొరలో. వేప, మోదుగ వంటి చెట్ల వేళ్లు మొరం పగుళ్ల గుండా లోతుకు దిగి అక్కడి తేమను అందుకుంటాయి. రెండో సంగతి, ఆకులు రాల్చినప్పుడు చెట్టు నీటి ఖర్చు ఒక్కసారిగా పడిపోతుంది, అప్పుడు కాండంలో తగ్గిన నీరు మళ్లీ నిండుతుంది, ఆ నిల్వతోనే చిగురు వేస్తుంది.

అయితే వాన వచ్చేదాకా ఆగకుండా ముందే ఎందుకు చిగురించాలి? తొలకరి పడేసరికి ఆకు ముదిరి ఉంటే ఉన్న కొద్ది వానకాలాన్నంతా ఎదుగుదలకు వాడుకోవచ్చు. తమిళనాడులోని ముదుమలై అడవిలో చేసిన పరిశీలన మరొక లాభాన్ని చూపింది. వానలకు ముందే చిగురించిన చెట్ల ఆకులను, వానలతో పాటు చిగురించిన వాటికంటె పురుగులు తక్కువగా తిన్నాయి. ఉగాది పచ్చడిలోకి వేపపువ్వు సమయానికి దొరకడం వెనుక ఈ లెక్క ఉంది. మీ వీధిలో మంచినీటి పైపు కారే చోట ఉన్న చెట్టును, ఎండిన గుట్ట మీది అదే జాతి చెట్టును పక్కపక్కన గమనించి, ఆకు రాలే తేదీలను రెండేళ్లు రాసుకోండి. నీరు చెట్టు పంచాంగాన్ని ఎంత జరుపుతుందో మీ నోటుపుస్తకమే చెబుతుంది.

ప్రశ్న: ఉపగ్రహ చిత్రాల ప్రకారం మన దేశం పచ్చబడుతోందని చదివాను. మా శంషాబాదు చుట్టూ చూస్తే చెట్లు పోతున్నాయి. దేనిని నమ్మాలి? (ఒక రైతు)

జవాబు: మీ కన్నును నమ్మండి, చిత్రమూ అబద్ధం కాదు. ఉపగ్రహం చెట్టును గుర్తుపట్టి లెక్కపెట్టదు. పచ్చని ఆకు ఎర్రని కాంతిని పీల్చుకుని, కంటికి కనిపించని పరారుణ కాంతిని వెనక్కు పంపుతుంది, ఆ తేడాను కొలిచి పచ్చదనం అంటారు. ఆ కొలతకు యాసంగి వరి మడి ఎంత పచ్చనో పాత మర్రి అంత పచ్చన, ఒక్కొక్కసారి వరే మిన్న. 2000 నుంచి 2017 వరకు చిత్రాలను పరిశీలించి 2019లో వెలువడిన అధ్యయనంలో, చైనాతో పాటు భారతదేశం ముందున్న మాట నిజమే. కానీ మన దేశంలో పెరిగిన ఆ పచ్చదనంలో 82 శాతం పంట భూములదే, అడవుల వాటా 4.4 శాతం మాత్రమే. బోరు నీటితో, కాలువ నీటితో ఏడాదిలో రెండో పంట, మూడో పంట వేయడం వల్ల వచ్చిన పచ్చదనం అది. భూగర్భజలం నిలిచినంత కాలమే అది నిలుస్తుంది.

చేవెళ్ల రహదారికి ఇరుపక్కలా సుమారు 900 మర్రిచెట్లు ఉన్నాయి. రహదారి వెడల్పు కోసం అవి పోయి, పక్క పొలాలలో మరో కారు వరి పండితే చిత్రంలో ఆ చోటు పచ్చగానే ఉంటుంది. ఆ మర్రి పండ్లు తిని బ్రతికే పిట్టలకు, ఆ నీడన ఆగే మనుషులకు కలిగే నష్టం ఆ రంగులో ఎక్కడా కనబడదు. అడవి శాతం అంకెలు చదివినప్పుడల్లా ఏ మొక్క, ఎవరి నీటితో, ఏడాదిలో ఎన్ని నెలలు అని అడగవలసిందే.

ప్రశ్న: మా కాలనీకి గచ్చిబౌలి దగ్గర రెండెకరాల ఖాళీ స్థలం ఉంది. బండలు, గడ్డి, కంప తప్ప ఏమీ లేదు. యంత్రంతో చదును చేసి వెయ్యి మొక్కలు నాటాలని సంఘంలో తీర్మానించాము. ఏ మొక్కలు మంచివి? (కాలనీ సంఘం కార్యదర్శి)

జవాబు: మొక్కల పేర్లు చెప్పేముందు, యంత్రాన్ని పిలవవద్దని మిమ్మల్ని ప్రాధేయపడుతున్నాను. ఏమీ లేదని మీరు రాసిన చోట బండ, గడ్డి, కంప ఉన్నాయని మీరే రాశారు. కంచ గచ్చిబౌలిలో సుమారు 400 ఎకరాల్లో చెట్ల నరికివేతను ఆపమని 2025 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు ఆదేశించినప్పుడు ఆ పేరు దేశమంతటా వినబడింది. కంచ అంటే మన వైపు పశువుల మేతకు గడ్డి పెరగనిచ్చిన భూమి. తరతరాలుగా మేత, గడ్డికోత, నడుమ నడుమ నిప్పు కలిసి దిద్దిన భూమి అది. కౌజుపిట్టలకు, నెమళ్లకు, నక్షత్ర తాబేళ్లకు కావలసింది అటువంటి విడివిడి పొదల బీడే. దాని నిండా చెట్లు కుక్కితే ముందుగా వెళ్లిపోయేవి అవే.

ఇక వెయ్యి అన్న సంఖ్య. నైజర్, సోమాలియా వంటి చోట్ల చదునైన పొడినేలల మీద చెట్లు, పొదలు వాలుకు అడ్డంగా బారులు తీరి, బారుకూ బారుకూ మధ్య ఉత్త నేలతో పులిచారల్లా పెరుగుతాయి. 1950 ప్రాంతంలో విమానం నుంచి తీసిన చిత్రాలలో వీటిని గుర్తించారు. గట్టిపడిన ఉత్త నేల మీద ఇంకని వాన కిందికి పారి పొదల బారు దగ్గర ఆగి ఇంకుతుంది, అంటే పైనున్న ఖాళీ కింది చెట్లకు నీరు పట్టి ఇచ్చే పరీవాహకం వంటిది. ఆ ఖాళీలో కూడా మొక్కలు పెడితే పారే నీరు ఉండదు, రెండు బారులూ ఎండుతాయి. మన గుట్టల మీద చారలు లేవు కానీ పని చేసే సూత్రం అదే. మీ పరుపుబండ మీ చెట్ల నీటి వనరు. దానిని పగలగొట్టి మట్టి పోస్తే, తరువాత ప్రతి వేసవిలో ట్యాంకర్ తెప్పించవలసి వస్తుంది.

తీసివేయవలసినది ఒకటి ఉంది, సర్కారు తుమ్మ. 1870లలో కట్టెల కోసం కడప ప్రాంతంలో నాటిన ఈ విదేశీ చెట్టు కాయను పశువులు తిని, గింజను పేడతో ఊరూరా విత్తాయి. దీనిని నేలమట్టంగా నరికితే ఇంకా గుబురుగా చిగురిస్తుంది, మొదలును అడుగు లోతు దాకా తవ్వి తీయాలి. ఒకేసారి అంతా కాకుండా, ఏటా కొంత తీసి అక్కడ మన మొక్క నిలదొక్కుకున్నాక మరికొంత తీయండి. పచ్చగా ఉంటుందని కోనోకార్పస్ అనే విదేశీ చెట్టును మాత్రం పెట్టవద్దు. హరితహారంలో విరివిగా నాటిన దానిని తరువాత ప్రభుత్వమే నాటవద్దని ఆదేశించింది.

మీ స్థలానికి వెయ్యి కాదు, నూటయాభై చాలు. బండ అంచుల్లో రావి, జువ్వి. ఎర్ర చెల్కలో వేప, మోదుగ, జమ్మి. నీరు చేరే పల్లంలో కానుగ, నేరేడు, నల్లతుమ్మ. వాటి మధ్య బలుసు, రేగు, వాక వంటి పొదలు. గడ్డిని, తంగేడును, గునుగును ఉన్నచోటే ఉండనివ్వండి.

అయితే ఏ మొక్క ఎక్కడన్నది కాగితం మీద తేలదు. జూన్‌లో మొదటి గట్టి వాన పడుతున్నప్పుడే నలుగురు సభ్యులు గొడుగులు పట్టుకొని ఆ రెండెకరాలు తిరగండి. నీరు ఏ బండ మీద నుంచి జారుతోంది, ఎక్కడ పాయలుగా చీలుతోంది, వాన ఆగిన గంట తరువాత కూడా ఎక్కడ మడుగు కట్టి ఉందో చూసి, ఆ చోట్లలో రాళ్లు గుర్తుగా పెట్టి రండి. గుంటలు ఆ రాళ్ల దగ్గర తవ్వండి.