సంగీతం గురువులో ఏం చూడాలి?

ప్రశ్న: మా అమ్మాయికి తొమ్మిదేళ్లు. కర్ణాటక గాత్రం నేర్పించాలని ఉంది. ఒకరు కచేరీలు చేసే విద్వాంసులు, ఆన్‌లైన్‌లో చెబుతారు. ఇంకొకరు మా ఊళ్లోనే ఉంటారు, అంత పేరు లేదు. ‘పాతకాలం గురువులు ఇప్పుడెక్కడ!’ అంటారు మా అత్తగారు. ఎవరి దగ్గర చేర్చాలి?
– ఒక పాఠకురాలు, డాలస్

జవాబు: ఈ పేచీ కాళిదాసు నాటిదే. ఆయన నాటకం మాళవికాగ్నిమిత్రంలో గణదాసు, హరదత్తుడు అనే నాట్యాచార్యులు నేనెక్కువంటే నేనెక్కువని రాజు దగ్గరికి వెళ్తారు. కొందరికి విద్య తమలో ఉంటుంది, కొందరికి దాన్ని అందించే నేర్పు ఉంటుంది, రెండూ ఉన్నవారే ముందు నిలవాలంటుంది తీర్పు చెప్పే పరివ్రాజిక (సన్యాసిని). పరీక్ష మాత్రం శిష్యురాలికే. మీరూ గురువు కచేరీకి కాదు, శిష్యుల కార్యక్రమానికి వెళ్లండి. చివర్లో పాడే ఆణిముత్యాన్ని పక్కనపెట్టి, రెండేళ్లుగా నేర్చుకుంటున్న మామూలు పిల్లల్ని వినండి. శ్రుతి నిలుస్తోందా? తాళం పరుగెడుతోందా? అందరూ గురువు గొంతునే అనుకరిస్తున్నారా? అనుకరిస్తుంటే ఆలోచించాల్సిందే. పారుపల్లి రామకృష్ణయ్య పంతులు గారి శిష్యుల్లో మంగళంపల్లి బాలమురళీకృష్ణ గాత్రంలో, అన్నవరపు రామస్వామి వయొలిన్‌లో ఎవరి దారిలో వారు పేరు తెచ్చుకున్నారు.

మీ అత్తగారి మాటలో కొంత నిజం ఉంది. గురుకులంలో శిష్యుడి సాధన గురువు చెవిన పడుతూనే ఉండేది, తప్పు ఆ పూటే సరయ్యేది. ఇప్పుడు వారానికి రెండు క్లాసులు. మంగళవారం పడ్డ తప్పును పాప శుక్రవారం దాకా సాధన చేస్తుంది! అందుకే ఈనాటి గురువు పాఠంతోపాటు ఇంట్లో ఎలా సాధన చేయాలో కూడా నేర్పాలి. పాఠం తన గొంతుతో రికార్డు చేసి ఇవ్వాలి, మధ్యలో ఒకసారి పాప రికార్డింగ్ తెప్పించుకుని వినాలి.

చేర్చే ముందు ఒక సరళీ వరుస (తొలి స్వరాల పాఠం) గమనించండి. అది పాడే మాయామాళవగౌళ రాగంలో పిల్లలు సాధారణంగా తప్పేది శుద్ధ రిషభం (కింది ‘రి’) దగ్గర. అది షడ్జానికి (‘స’కు) బాగా దగ్గర, గొంతు తెలియకుండానే దాని పైనుండే చతుశ్రుతి రిషభం వైపు ఎక్కేస్తుంది. ‘బాగుంది, మళ్లీ పాడు’ అనేవారికి అది వినపడలేదన్నమాట, లేదా ఓపిక లేదు. మంచి గురువు అక్కడే ఆపి, తంబూర మీద స, రి ఒక్కోటి నాలుగేసి అక్షరాలు (తాళం దెబ్బలు) నిలిపిస్తారు. మొదటి కాలంలో అక్షరానికి ఒక స్వరం కుదిరాకే రెండు, ఆపైన నాలుగు. మూడో కాలానికి తొందరపెడితే స్వరాలు ఒకదాన్నొకటి మింగేస్తాయి.

ఆన్‌లైన్‌లో శబ్దం కాస్త ఆలస్యంగా చేరుతుంది కాబట్టి ఇద్దరూ కలిసి పాడలేరు. ఒకరి తర్వాత ఒకరు పాడాలి, తాళం పాపే వేసుకోవాలి. తంబూర మీ ఇంట్లోనే మోగాలి. జూమ్ దాన్ని గోల అనుకుని అణిచేయకుండా ‘ఒరిజినల్ సౌండ్’ పెట్టుకోండి. ఇవేవీ చెప్పని విద్వాంసుల కన్నా మొదటి రెండేళ్లు మీ ఊరి గురువే నయం.

ప్రశ్న: మా అబ్బాయికి పద్నాలుగేళ్లు, గొంతు మారుతోంది. గురువుగారు పాత శ్రుతిలోనే పాడమంటున్నారు. సరైనదేనా?
– ఒక తండ్రి, విజయవాడ

జవాబు: కాదు. అందరికీ ఒకే శ్రుతి పెట్టే గుంపు క్లాసుల్లో ఇలా జరుగుతుంది. శ్రుతి దించమని అడగండి, విడిగా పది నిమిషాలు కేటాయించమనండి. మంద్ర పంచమం (కింది స్థాయి ‘ప’), తార షడ్జం (పై స్థాయి ‘స’) రెండూ బిగపట్టకుండా పలికే చోటే వాడి శ్రుతి. నెలకోసారి మళ్లీ చూసుకోవాలి. గొంతు చీలే రోజుల్లో పాట తగ్గించి తాళం, స్వరం రాయడం మీద పెట్టొచ్చు. పాడితే నొప్పి పుడుతుంటే ఈఎన్‌టీ డాక్టరుకు చూపించండి.