ఆర్డర్ల ఏడాది తర్వాత నీ బొమ్మ

చిరంజీవి అబ్బాయికి ఆశీస్సులు.

ఉత్తరం చదివినాను. ఏడాదంతా ఆర్డర్లకు తోలు ల్యాంపు షేడ్లే కొట్టి, ఆఖర్న సగం సరుకు వెనక్కొచ్చి, ఇప్పుడు తోలుబొమ్మకు ఉలి పడితే నీ గీత ఏదో నీకే తెలీడం లేదని రాసినావు. అయితే రెండు వారాలు కొత్త తోలు కొనద్దు.

వెనక్కొచ్చిన సరుకంతా పోగెయ్యి. రాత్రి పూట గదిలో తెల్లపంచె బిగించి కట్టి, వెనక ఎల్‌ఈడీ బల్బు పెట్టి, ఒక్కొక్కటే ఆనించి చూడు. ఖాళీ కనపడిన చోటల్లా అదే నాలుగు రేకుల పువ్వు కొట్టి నింపినవి ఒక పక్కకు తియ్యి. గీత దగ్గర చెయ్యి కాస్త ఆగి ఆలోచించినట్టు కనపడేవి ఇంకో పక్కకు. ఇరవైలో రెండు మూడే దొరుకుతాయి, దిగులు పడద్దు. వాటిని గోడకు తగిలించి, మిగతావి చిన్నచిన్న ముక్కలుగా కోసి తలుపు తోరణాలకో చెవి కమ్మలకో అమ్మెయ్యి. రంగు పట్టిన తోలు మళ్లీ బొమ్మకు పనికిరాదు.

తర్వాత లెక్క. ఇల్లు గడవడానికి నెలకు ఎన్ని షేడ్లు కావాలో రాసుకో. అన్నే ఒప్పుకో, సగం అడ్వాన్సు తీసుకున్నాకే తోలు నానబెట్టు. ఆర్డర్లు పూర్తిగా మానెయ్యమని చెప్పేవాళ్లు నీ ఇంటి బియ్యం కొనేవాళ్లు కాదు. ఉదయం మొదటి మూడు గంటలు మాత్రం నీ బొమ్మవి. ఆర్డర్ పని మధ్యాహ్నం పెట్టుకో, దానికి చెయ్యి చాలు.

అందరూ చేసే తప్పు ఒకటుంది. మంచి తోళ్లు ఆర్డరుకు పోతాయి, మిగిలిన తుంటలతో సొంత బొమ్మ చేస్తారు. పది మేకతోళ్లు తెస్తే, వెలుతురుకు పట్టి చూసి, మచ్చ లేని రెండు ముందే నీకని పక్కన పెట్టు.

ఆ రెండింటినీ నువ్వే శుద్ధి చెయ్యి. ఉప్పు పూర్తిగా పోయేదాకా నీళ్లు మార్చి కడుగు. ఉప్పు మిగిలితే వానాకాలం చెమ్మ లాగి బొమ్మ అలలు తిరుగుతాది. నానబెట్టే నీళ్లు గోరువెచ్చగా ఉంటే చాలు. చెయ్యి పెట్టలేనంత వేడైతే తోలు ముడుచుకుని జిగురైపోతాది. వెంట్రుకలు గీకినాక లోపలివైపు కొవ్వు ఒక్క పొర కూడా మిగలకూడదు, అది ఉన్న చోట రంగు పట్టదు. మేకులతో నలువైపులా లాగి నీడలోనే ఆరబెట్టు. మన అనంతపురం ఎండలో పెడితే అంచులు ముందు ఎండి నడిమి భాగం వంకర పోతాది.

బొమ్మల సంగతి. ఆరు నెలలకు పన్నెండు, ఒకే కొలత, ఒక్కో తోలుకు ఒక్క బొమ్మ. నలుపు కాక రెండే రంగులు. పాత బొమ్మను కింద పెట్టి గీత దించుకోవద్దు. మన తోలుబొమ్మలాటకు 2008లో జీఐ (భౌగోళిక) గుర్తింపు వచ్చింది, నిమ్మలకుంట తోలుబొమ్మల కళాకారులు దళవాయి చలపతిరావుగారికి 2020లో పద్మశ్రీ వచ్చింది. సంతోషమే. కానీ రేపు పొద్దున్నే ఏం గియ్యాలో అవి చెప్పవు కదప్పా.

అందుకు లేపాక్షి పో. వీరభద్రస్వామి గుడిలో నాట్యమంటపం పైకప్పు కింద కూర్చుని, కిరాతార్జునీయం బొమ్మల్లో ఒక్క చెయ్యి, ఒక్క చీర కుచ్చు మాత్రమే పెన్సిలుతో గియ్యి. ఫోన్లో ఫొటో తీస్తే అంతా వస్తాది, నీకేమీ గుర్తుండదు. ఇంటికొచ్చి ఆ చేతినే మన ఆటలో నవ్వించే బంగారక్క బొమ్మకు పెట్టి చూడు. ఆమె అది ఒప్పుకోదు, ఏదో మార్చాల్సి వస్తాది. ఆ మార్చేది నీదే.

రంధ్రాలు కొట్టేటప్పుడు నడిమి భాగం నుంచి అంచువైపు రా. అంచుకు దగ్గరగా ఒకే వరసలో కొడితే తోలు తపాలా బిళ్లల కాగితంలా చినుగుతాది. వరస తప్పించి కొట్టు. రంగు నీళ్లలో కరిగేదే వాడు. పోస్టర్ కలరు పగలు బాగుంటాది, దీపం ముందు నల్లటి మచ్చే. తోలుకు సహజంగా పసుపు ఛాయ ఉంది కాబట్టి పలుచటి నీలం ఆకుపచ్చగా తిరుగుతాది, ముందు ముక్క మీద చూసుకో. రెండువైపులా పూయి, ఒకవైపు ఆరినాకే తిప్పు. నల్లగీత ఆఖర్న.

మూడో బొమ్మ దగ్గర విసుగొస్తాది. ఆ వారమే ఎవరో పెద్ద ఆర్డరుతో ఫోన్ చేస్తారు కూడా. లెక్క పుస్తకం చూసి మాట్లాడు.

మొదటి బొమ్మకు రంగెయ్యకముందే ఒకసారి పట్టుకురా. బస్సులో తెచ్చేటప్పుడు మడవద్దు, మడత గీత దీపం ముందు జన్మలో పోదు. ప్లాస్టిక్ పైపులో వదులుగా చుట్టి తీసుకురా.

మీ పెదనాయన