బడి స్టేజీకి లైట్లు, కరెంటు: మీ ప్రశ్నలకు జవాబులు

ప్రశ్న: మా హైస్కూల్ వార్షికోత్సవానికి పిల్లల చేత నాటిక వేయిస్తున్నాం. 1000 వాట్ల హాలోజెన్ లైట్లు ఆరు అద్దెకు తెచ్చి, హెడ్మాస్టర్ గారి గదిలోని 16 ఆంప్స్ సాకెట్ నుంచి లైన్ లాగాం. రిహార్సల్లో కాసేపటికల్లా ఎమ్‌సీబీ పడిపోతోంది. దాన్ని తీసేసి 32 ఆంప్స్‌ది వేస్తే సరిపోతుందని ఎలక్ట్రీషియన్ అంటున్నాడు. వేయించమంటారా?
– తెలుగు టీచర్, పల్నాడు జిల్లా

జవాబు: వద్దు టీచర్ గారూ, దయచేసి వేయించొద్దు. ఎమ్‌సీబీ అంటే కరెంటు హద్దు దాటితే తనంతట తానే పడిపోయే స్విచ్, అది కాపలా కాసేది గోడలోపలి వైరుకి. 16 ఆంప్స్ సాకెట్‌కి మామూలుగా 2.5 స్క్వేర్ ఎంఎం వైరు వేస్తారు, పాత బిల్డింగుల్లో అంతకన్నా సన్నది కూడా ఉండొచ్చు. మీ లైట్లు ఆరు కలిపి 6000 వాట్లు, దాన్ని 230 వోల్టులతో భాగిస్తే 26 ఆంప్స్. అంటే మీ ఎమ్‌సీబీ చెడిపోలేదు, దాని పని అది సరిగ్గా చేస్తోంది. 32 ఆంప్స్‌ది పెడితే అది పడదు, లైట్లన్నీ వెలుగుతాయి, అందరూ హమ్మయ్య అనుకుంటారు, కానీ నాటిక జరిగినంతసేపూ పైపులోని వైరు కాగుతూనే ఉంటుంది, అది ఎక్కడ కరిగి అంటుకుంటుందో బయటికి కనబడదు. పాత ఫ్యూజులున్న బళ్ళలో ఫ్యూజు వైరు బదులు లావుపాటి రాగి తీగ చుట్టేస్తుంటారే, ఇదీ సరిగ్గా అలాంటి పనే.

ఇంకో సంగతి చూడండి. కాసేపు వెలిగి పడిపోతే లోడ్ ఎక్కువైనట్టు. స్విచ్ వేసిన క్షణమే పడిపోతే ఎక్కడో షార్ట్ అయినా ఉండాలి, లేదా అన్ని హాలోజెన్లూ ఒకేసారి వేసి అయినా ఉండాలి. చల్లగా ఉన్న ఫిలమెంట్ మొదటి క్షణంలో మామూలుకన్నా ఎన్నో రెట్లు కరెంటు లాగుతుంది, అందుకే ఒక్కొక్కటిగా వెలిగించాలి.

మీకు నేను చెప్పేది హాలోజెన్లు తిరిగి ఇచ్చేసి ఎల్‌ఈడీ పార్ లైట్లు (చిన్న ఎల్‌ఈడీలు చాలా ఉండే గుండ్రటి స్టేజీ లైట్లు) తెచ్చుకోమని. పెళ్ళిళ్ళకు లైటింగ్ చేసే సప్లయర్స్ దగ్గర ఇప్పుడు ఎక్కువగా ఉండేవి అవే. 3 వాట్ల ఎల్‌ఈడీలు 54 ఉండే రకం ఒక్కోటి 200 వాట్ల లోపే తీసుకుంటుంది, ఆరు వెలిగినా ఐదు ఆంప్స్ చిల్లర. మీ సాకెట్‌కి అది లెక్కలోదే కాదు, పైగా పరదా పక్కన పెట్టినా హాలోజెన్ అంత వేడి ఉండదు. ముఖాల కోసం వాటిలో కనీసం రెండు వార్మ్ వైట్‌వి అడగండి, ఒట్టి రంగుల లైట్లతో పిల్లల ముఖాలు పాలిపోతాయి.

హాలోజెన్లే తప్పదంటే మెయిన్ బోర్డు దగ్గర వేర్వేరు ఎమ్‌సీబీల నుంచి వేర్వేరు లైన్లు తీయించండి. అంతకన్నా ముందు కరెంటు బిల్లులో మీ బడికి మంజూరైన లోడ్ ఎన్ని కిలోవాట్లో చూడండి. చాలకపోతే టెంపరరీ సర్వీస్‌కి దరఖాస్తు పెట్టుకోవచ్చు, లేదా జనరేటర్ తెచ్చుకోవచ్చు. జనరేటర్‌ని మాత్రం చేంజోవర్ స్విచ్ (బోర్డుని ఒకసారికి బయటి లైనుకో జనరేటర్‌కో ఒక్కదానికే కలిపేది) లేకుండా బోర్డుకి కలపనివ్వకండి. ఆ కరెంటు వెనక్కి లైన్లోకి వెళితే, సప్లై లేదనుకుని స్తంభం ఎక్కిన లైన్‌మన్ ప్రాణం పోతుంది.

వైర్ల సంగతి కూడా కాస్త పట్టించుకోండి. ప్లగ్గు లేని వైర్ల కొసలు సాకెట్‌లో గుచ్చి, ఊడిపోకుండా అగ్గిపుల్లలు దూర్చడం మనవాళ్ళకి బాగా అలవాటు. ఆ ఒక్క చోటు వేడెక్కి సాకెట్ నల్లబడిపోతుంది. మూడు పిన్నుల ప్లగ్గు బిగించమనండి. ఎక్స్‌టెన్షన్ రీలు మొత్తం విప్పి వాడండి, చుట్టి ఉంచితే లోపలి పొరల వేడి బయటికి పోదు. స్టేజీ మీద మన పిల్లలు చెప్పుల్లేకుండా ఆడతారు, ఇనుప స్టాండ్లు చేతికందే ఎత్తులో ఉంటాయి, అందుకని ఎర్త్ పక్కాగా ఉండాలి, స్టేజీ లైన్‌కి 30 మిల్లీ ఆంప్స్ ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే సప్లై ఆపేసే స్విచ్) ఉండాలి. దాని మీద ‘టి’ అని రాసిన బటన్ నొక్కితే టక్కున పడిపోవాలి. పడకపోతే అది మార్చేదాకా రిహార్సల్ ఆపేయండి.

ప్రశ్న: మా కృష్ణుడి కిరీటం నీడ ముఖం మీద పడి కళ్ళే కనబడటం లేదు. యుద్ధం సీన్‌లో ఎర్ర లైటు వేస్తే మనిషే నల్లగా అయిపోతున్నాడు.
– డ్రామా నేర్పే పీఈటీ, సిద్దిపేట జిల్లా

జవాబు: మీ లైట్లు స్టేజీ కప్పుకి, సరిగ్గా నటుల నెత్తి మీద ఉన్నట్టున్నాయి మాస్టారూ. రెండు లైట్లు ప్రేక్షకుల వైపు, కుడి ఎడమల, స్టాండ్ల మీద పెట్టి ఏటవాలుగా వేయండి. మామూలు నాటకానికి 45 డిగ్రీలు బాగుంటుంది, కిరీటాలున్న పౌరాణికానికి ఇంకొంచెం కిందికి దించాలి. కళ్ళ కింద ఇంకా నీడ ఉంటే స్టేజీ అంచున నేల మీద ఒక చిన్న లైటు చాలా తక్కువ వెలుగుతో పెట్టండి.

ఎరుపు సంగతికొస్తే, నీలం మేకప్ ఎర్ర వెలుగుని మింగేస్తుంది, వెనక్కి పంపడానికి అక్కడ ఎరుపు ఉండదు కదా. ఎరుపుని వెనక తెర మీదికి, పక్కల మీదికి తిప్పేసి, కృష్ణుడి ముఖానికి తెలుపు అలాగే ఉంచండి. యుద్ధం వాతావరణం తెర ఇస్తుంది, పిల్లాడి అభినయం జనానికి కనబడుతుంది. ఎన్ని లైట్లు తెచ్చినా, చివరి వరసలో కూర్చున్న అమ్మమ్మకి మనవడి ముఖం కనబడాలన్నదే నా పట్టుదల.

ప్రశ్న: లైట్లు డిమ్ చేస్తే స్పీకర్లలో జుయ్యిమని మోత. మైకు వాళ్ళు ఆంప్లిఫైయర్ ప్లగ్గుకి ఎర్త్ పిన్ను విరిచేస్తే పోతుందంటున్నారు.
– ఇంటర్ విద్యార్థిని, రాజమండ్రి

జవాబు: పిన్ను విరవనివ్వద్దమ్మా. ఆంప్లిఫైయర్ లోపల లీకేజీ వస్తే అది నేరుగా మైకు పట్టుకున్న పిల్లల చేతికే వస్తుంది. డిమ్మర్ కరెంటుని సెకనుకి 100 సార్లు కోస్తూ వెలుగు తగ్గిస్తుంది, ఆ కోతే మీకు మోతగా వినబడుతోంది. ఆంప్లిఫైయర్‌కి కరెంటు డిమ్మర్ లేని వేరే లైన్ నుంచి తీసుకోండి. మైకు కేబుళ్ళని లైట్ల వైర్ల పక్కనే పొడుగునా పరవకండి, దాటాల్సి వస్తే అడ్డంగా దాటించండి. మీ డిమ్మర్ ఫ్యాన్ రెగ్యులేటర్‌తో చేసిందైతే మాత్రం తీసి పక్కన పెట్టేయండి. అది 100 వాట్ల దాకా ఉండే ఫ్యాన్ కోసం చేసింది, హాలోజెన్ తగిలిస్తే కాలిపోతుంది.