ఆకలి తగ్గించే ఇంజెక్షన్ తీసుకుంటున్నాను. బరువు తగ్గుతోంది కానీ నీరసం, జుట్టు రాలడం మొదలైంది. ఇది మామూలేనా?

మూడు నెలలుగా వారానికొక ఇంజెక్షన్ తీసుకుంటున్నానని, 9 కిలోలు తగ్గానని రాశారు. ఆకలి అసలు వేయడం లేదు, రోజుకు ఒక్క పూట తింటే చాలనిపిస్తోంది, తల దువ్వితే దువ్వెన నిండా జుట్టే, మెట్లెక్కితే కాళ్లు పట్టేస్తున్నాయి అన్నారు. ఇంట్లోవాళ్లేమో "బరువు తగ్గేటప్పుడు ఇవన్నీ ఉంటాయి, ఓర్చుకో" అంటున్నారట.

దయచేసి ఓర్చుకోవద్దు. నేను నాలుగు నెలలు ఓర్చుకున్నాను. అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను.

నాకు 49 ఏళ్లు. పదేళ్లుగా షుగరు ఉంది, మెట్‌ఫార్మిన్ వేసుకుంటాను. 2025 ఏప్రిల్‌లో 93 కిలోలున్నప్పుడు డాక్టరు ఈ రకం ఇంజెక్షనే రాశారు. మందు మీద నాకు ఫిర్యాదు లేదని ముందే చెబుతున్నాను. షుగరు అదుపులోకి వచ్చింది, మోకాళ్ల నొప్పి తగ్గింది. పొద్దున లేచినప్పటి నుంచి తిండి చుట్టూనే తిరిగే ఆలోచనలు మొదటిసారి సద్దుమణిగాయి. ఆగస్టుకల్లా 81 కిలోలకు వచ్చాను. కనిపించిన వాళ్లందరూ మెచ్చుకునేవారు.

ఆ శ్రావణంలో వరలక్ష్మీ వ్రతం రోజు పీట మీద కూర్చుని పూజ చేసుకున్నాను. కథ అయిపోయింది, అక్షతలు వేసుకుని లేవబోయాను. లేవలేకపోయాను. కాళ్లు తిమ్మిరెక్కలేదు, నొప్పీ లేదు, తొడల్లో సత్తువ లేదంతే. కుడిచెయ్యి నేలకు ఆనించి బలంగా నొక్కితే ఆ చెయ్యీ వణికింది. చివరికి మా కోడలు వెనక నుంచి చంకల కింద చేతులు వేసి లేపింది. 93 కిలోలున్నప్పుడు అదే పీట మీద నుంచి మోకాలు పట్టుకునైనా సొంతంగా లేచేదాన్ని. 12 కిలోలు తగ్గాక లేవలేకపోయాను.

ఆ వారమే ఒక డైటీషియన్‌ దగ్గరికి వెళ్లాను. మందు మొదలుపెట్టిన చోట సూది ఎలా పొడుచుకోవాలో చూపించారు, వాంతి వచ్చేలా ఉంటే ఏ మాత్ర వేసుకోవాలో చెప్పారు. ఏం తినాలో ఎవరూ చెప్పలేదు, నేనూ అడగలేదు. ఈవిడ మాత్రం మూడు రోజుల పాటు నోట్లో పెట్టుకున్న ప్రతిదీ కాగితం మీద రాసి తెమ్మన్నారు. పొద్దున కాఫీ, ఒక ఇడ్లీ. మధ్యాహ్నం నాలుగు ముద్దలు చారన్నం. సాయంత్రం కాసిని ద్రాక్షపళ్లు. రాత్రి గ్లాసు మజ్జిగ. మూడు రోజులూ దాదాపు అదే. ఆవిడ లెక్క వేస్తే ప్రోటీన్ రోజుకు 20 గ్రాములు దాటలేదు. మన హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ లెక్క ప్రకారం ఆరోగ్యంగా ఉన్న మనిషికే కిలో బరువుకు 0.83 గ్రాములు కావాలి. ఇలాంటి మందులు వాడేవాళ్లకు ఇంకా ఎక్కువ, కిలోకు 1.2 నుంచి 1.6 గ్రాముల దాకా అవసరమని 2025లో అమెరికాలోని నాలుగు వైద్య, పోషకాహార సంఘాలు కలిసి ఇచ్చిన సలహా. నేను తింటున్నది అందులో పావు వంతు కూడా లేదు.

ఇంత తక్కువకు ఎలా పడిపోయానో ఆ కాగితం చూశాకే నాకు అర్థమైంది. ఈ మందు పేగుల్లో పుట్టే జీఎల్‌పీ-1 అనే హార్మోన్‌లా పనిచేస్తుంది. కడుపు ఖాళీ కావడం నెమ్మదిస్తుంది, మెదడుకు "నిండింది" అన్న కబురు ముందే చేరుతుంది. దాంతో అన్నీ సమానంగా తగ్గితే ఒక దారి. అలా జరగదు. నాకు పప్పు తాలింపు వాసన వికారంగా ఉండేది, ఉడికిన గుడ్డు వాసన అసలు పడేది కాదు, చేపల పులుసు దగ్గరికే వెళ్లలేకపోయేదాన్ని. గొంతు దిగేవి చారు, మజ్జిగ, బిస్కెట్లు, పళ్లు. బలమిచ్చేవే ముందు కంచంలోంచి పోయాయి. మిగిలిన కాస్త కడుపునూ అన్నం నింపేసింది. మన భోజనంలో సగానికి పైగా అన్నమే కదా. కంచం చిన్నదైనప్పుడు కూడా అదే వరసలో తింటే ఒంటికి అందేది ఏమీ ఉండదు.

ఆకలి లేదంటే ఒంటికి అవసరం లేదని కాదు. తిండి నుంచి రానిదాన్ని శరీరం కొవ్వులోంచీ తీసుకుంటుంది, కండలోంచీ తీసుకుంటుంది. తూకం యంత్రం ఆ తేడా చెప్పదు. ఈ రకం మందుల్లో ఒకటైన సెమాగ్లుటైడ్ మీద 2021లో వెలువడిన పెద్ద పరీక్షలో 68 వారాలకు సగటున 15 శాతం దాకా బరువు తగ్గింది. అందులో స్కానింగ్ చేసి చూసిన కొద్దిమందిలో పోయిన బరువులో సుమారు 40 శాతం కొవ్వు కాదు. ఇలాంటిదే మరో మందు టిర్జెపటైడ్ పరీక్షలో ఆ వాటా దాదాపు నాలుగో వంతు. కొవ్వు కానిదంతా కండే అనుకోకండి, అందులో నీరు, మిగతా కణజాలమూ ఉంటాయి. ఏ పద్ధతిలో తగ్గినా కొంత కండ పోతుంది కూడా. కానీ మనవాళ్లకు అదే బరువున్న తెల్లవాళ్లతో పోలిస్తే మొదటి నుంచే కండ తక్కువ, కొవ్వు ఎక్కువ. పోగొట్టుకోవడానికి మన దగ్గర అంత నిల్వ లేదు. సెమాగ్లుటైడ్ ఆపేసినవాళ్లను ఏడాది తర్వాత చూస్తే తగ్గిన బరువులో మూడింట రెండు వంతులు తిరిగొచ్చింది. బరువు దానంతటదే వస్తుంది, పోయిన కండ మాత్రం కష్టపడితే తప్ప రాదు.

ఇక రక్త పరీక్షలు. నా ఫెరిటిన్, అంటే ఒంట్లో ఇనుము నిల్వ, 9. బి12 148. రెండూ బాగా తక్కువే. మెట్‌ఫార్మిన్ ఏళ్ల తరబడి వాడితే బి12 తగ్గుతుందని డాక్టర్లకు తెలిసిన విషయమే, పైగా నేను తిండి మానేశాను. అరికాళ్లలో సూదులు గుచ్చినట్టు ఉంటే షుగరు వల్లే అనుకుంటూ ఉండిపోయాను. బి12 ఇంజెక్షన్లు చేయించుకున్నాక చాలావరకు తగ్గింది. మీరు గుడ్డు కూడా తినని శాకాహారులైతే ఈ పరీక్ష ఇంకా ముఖ్యం. హిమోగ్లోబిన్, ఫెరిటిన్, బి12, విటమిన్ డి, కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ చూపించమని మీ డాక్టరును అడగండి.

జుట్టు గురించి టెన్షన్ పడకండి. ఒంటికి పెద్ద దెబ్బ తగిలిన రెండు మూడు నెలలకు జుట్టు రాలడం మొదలవుతుంది. అంటే ఇవాళ రాలుతున్నది మీరు మొదట్లో సరిగ్గా తినని రోజుల ఫలితం. ఇవాళ్టి నుంచి బాగా తిన్నా వెంటనే ఆగదు. నాకు ఆగడానికి నాలుగు నెలలు పట్టింది, ఇప్పుడు చెంపల దగ్గర కొత్త వెంట్రుకలు పొట్టిగా లేచి నిలబడుతున్నాయి. నూనెలకూ సీరంలకూ డబ్బు పోయకండి, ఆ డబ్బుతో గుడ్లు కొనుక్కోండి.

ఒక్కటి మాత్రం చాలా సీరియస్‌గా చెప్పాలి. రోజుల తరబడి వాంతులవుతూ ఏమీ తినలేకపోతే బి1, అంటే థయమిన్, అడుగంటిపోతుంది. ఒంట్లో దాని నిల్వ రెండు మూడు వారాలకు మించి ఉండదు. అది లేకపోతే నడకలో తూలడం, చూపు రెండుగా కనిపించడం, తికమకగా మాట్లాడటం వంటివి రావచ్చు. అది ఎమర్జెన్సీ, మెదడుకు శాశ్వతంగా దెబ్బ తగలొచ్చు. మన ఊళ్లలో నీరసంగా ఉంటే వీధి చివరి డాక్టరు దగ్గర గ్లూకోజ్ బాటిల్ ఎక్కించుకోవడం అలవాటు. థయమిన్ బాగా తగ్గినవాళ్లకు అది ఇవ్వకుండా ఒట్టి గ్లూకోజ్ ఎక్కిస్తే పరిస్థితి ఇంకా విషమించవచ్చు. అందుకని ఎక్కడికి వెళ్లినా "ఫలానా ఇంజెక్షన్ వాడుతున్నాను, ఇన్ని రోజులుగా తినలేదు, వాంతులవుతున్నాయి" అని ముందే చెప్పండి. వీపులోకి పాకే తీవ్రమైన కడుపునొప్పి వచ్చినా ఆగకుండా ఆసుపత్రికి వెళ్లండి. క్లోమం వాచడం, పిత్తాశయంలో రాళ్లు ఈ మందులతో వచ్చే ప్రమాదాల్లో ఉన్నవే.

షుగరు మాత్రల్లో గ్లిమిపిరైడ్ ఉందేమో చూసుకోండి. చాలామందికి మెట్‌ఫార్మిన్‌తో కలిపి ఒకే మాత్రగా ఇస్తారు. తిండి ఇంతలా తగ్గి ఆ మాత్ర అలాగే వేసుకుంటే షుగరు పడిపోయి కళ్లు తిరగొచ్చు. సొంతంగా ఆపకండి, ఫోన్ చేసి డోసు అడగండి.

ఇప్పుడు నేనేం తింటున్నానో చెబుతాను. ఆకలి కోసం ఎదురుచూడటం మానేశాను. ఫోన్‌లో అలారం పెట్టుకుని, మోగితే తింటాను, మందు వేసుకున్నట్టే. పొద్దున రెండు చిన్న పెసరట్లు, 60 గ్రాముల పెసలు నానబోస్తే 14 గ్రాముల ప్రోటీన్. పదకొండింటికి గిన్నెడు పెరుగు. మధ్యాహ్నం వరస మార్చాను: ముందు ఒక చిన్న గిన్నెడు చిక్కటి పప్పు చెంచాతో తినేస్తాను, తర్వాత చేప ముక్కో మీల్‌మేకర్ కూరో. అన్నం చివరన, చోటుంటేనే. నాలుగింటికి గుప్పెడు వేరుశనగపప్పులు. రాత్రి రెండు గుడ్లు. కష్టమైన రోజు కూడా ప్రోటీన్ 60 గ్రాములు దాటుతుంది, మామూలు రోజుల్లో 70 దగ్గరికి వస్తుంది. డైటీషియన్ పెట్టిన లక్ష్యం 75. కిడ్నీ సమస్య ఉన్నవాళ్లు మాత్రం డాక్టరును అడగకుండా ప్రోటీన్ పెంచకూడదు.

వాసన సంగతికి నాకు పనికొచ్చిన ఉపాయం చల్లార్చి తినడం. వేడి పప్పు కన్నా గోరువెచ్చటి పప్పుకు వాసన సగం ఉంటుంది. గుడ్డు ఉడికించి పెంకు తీసి ఫ్రిజ్‌లో పెట్టి, తినేముందు మిరియాల పొడి చల్లుకుంటే వికారం రాలేదు. ఇంజెక్షన్ తర్వాత మొదటి రెండు రోజులు నాకు బాగా కష్టం, ఆ రోజుల్లో నూనె వంటలు ముట్టను. దాహం కూడా తగ్గుతుంది కాబట్టి నీళ్ల సీసా ఎదురుగా పెట్టుకోండి.

తిండి ఒక్కటే చాలదు, కండకు పని కూడా చెప్పాలి. నేను కుర్చీతో మొదలుపెట్టాను: చేతులు కట్టుకుని కూర్చోవడం, లేవడం. మొదటి రోజు నాలుగు సార్లకే ఆగిపోయాను. ఇప్పుడు పదిహేను చొప్పున మూడు విడతలు చేస్తున్నాను. చేతులకు రబ్బరు బ్యాండ్లతో వారానికి మూడు రోజులు. నడక మంచిదే, కానీ అది తొడల బలం తిరిగి తేలేదు నాకు.

రోజుకు ఒక్క పూట కూడా గట్టిగా తినలేకపోతున్నారంటే బహుశా డోసు మీకు ఎక్కువైంది. పెంచే షెడ్యూలు ఉంది కదా అని ప్రతి నెలా పెంచుకుంటూ పోనక్కర్లేదు. నాకు డాక్టరు ఒక మెట్టు తగ్గించారు. బరువు తగ్గడం నెమ్మదించింది, తినడం కుదిరింది. ఈ మాట మీ డాక్టరుతో ఈ వారమే మాట్లాడండి.

మూడు రోజులు మీరు తిన్నదంతా రాసి, మీ ఎత్తు, బరువు, మిగతా మాత్రలతో కలిపి డైటీషియన్‌కు చూపించండి. దగ్గరలో ఎవరూ లేకపోతే ఇక్కడ కామెంట్‌లో పెట్టండి, ప్రోటీన్ లెక్క వేయడంలో సాయం చేస్తాను.