పాత రాక్ కాన్సర్ట్ రికార్డింగుల్ని రీమిక్స్ చేస్తే నిజంగా తేడా ఉంటుందా, లేక మళ్లీ అమ్ముకోడానికేనా?

రెండూనండి. అమ్ముకోడానికే చేస్తారు, తేడా కూడా ఉంటుంది, ఈ రెండిటికీ పడకపోవడం ఏం లేదు. కాకపోతే రీమాస్టర్ అని రాసుంటే మాత్రం నేను రూపాయి పెట్టను, అది కలిపేసి ఉన్న సౌండ్‌కే పైపైన మెరుగులు దిద్దడం, పాత గోడకి మళ్లీ సున్నం కొట్టడమే. రీమిక్స్ అంటే డ్రమ్స్, గిటార్, గొంతు దేనికది విడిగా తీసి మొదట్నుంచి మళ్లీ కలుపుతారు, ఆ కష్టం వింటే తెలిసిపోద్ది.

నేను చెప్పేది ఇంగ్లాండ్ రాక్ బ్యాండ్ పింక్ ఫ్లాయిడ్ వాళ్ల పాంపే కాన్సర్ట్ సినిమా గురించి. 1971 అక్టోబర్‌లో ఇటలీలో, వెసూవియస్ బద్దలై బూడిదలో కూరుకుపోయిన ఊరుంది కదా, అక్కడి రోమన్ల కాలం నాటి యాంఫీథియేటర్‌లో ఒక్క ప్రేక్షకుడు కూడా లేకుండా వాయిస్తుంటే ఏడ్రియన్ మేబెన్ సినిమా తీశాడు. కొన్ని పాటలు తర్వాత పారిస్ స్టూడియోలో తీసి కలిపారు, ఆ సంగతి మాత్రం ఫ్యాన్స్ పెద్దగా ఎత్తరు. ఇంజనీరింగ్ హాస్టల్లో చేతులు మారి మారి వచ్చిన కాపీ చూసేవాళ్లం, అందులో గిటార్ తప్ప ఏదీ సరిగ్గా వినపడేది కాదు, అందుకే మా బ్యాచ్ మొత్తానికి ఫ్లాయిడ్ అంటే గిటార్ వాయించే గిల్మోర్, అంతే.

2025 మేలో దానికి స్టీవెన్ విల్సన్ రీమిక్స్ వచ్చింది. పోర్క్యుపైన్ ట్రీ బ్యాండ్ ఆయనే, కింగ్ క్రిమ్సన్, జెత్రో టల్ లాంటి బ్యాండ్ల పాత ఆల్బమ్స్ చాలా ఈయన చేతి మీదుగానే మళ్లీ వచ్చాయి. మా బావ దగ్గర హోమ్ థియేటర్ ఉంది, మాస్ సినిమాల కోసం కొన్నాడు, హీరో ఎంట్రీకి కిటికీ అద్దాలు అదరాలి ఆయనకి. ఓ ఆదివారం భోజనాలయ్యాక "ఒక్క పాట బావా" అని ఎకోస్ పెట్టా.

"జనం ఏర్రా? టికెట్లు తెగలేదా?" అన్నాడు.

"కావాలనే జనం లేకుండా తీశారు బావా."

"మరెవడి కోసం వాయిస్తున్నారు? ఆ చొక్కా లేనోడెవడు?"

చొక్కా లేనోడే గిల్మోర్ అని చెప్తుంటే లోపల్నుంచి అక్క సౌండ్ తగ్గించమని ఒకటే కేకలు, నేను రిమోట్ ఇవ్వట్లేదు. పాట కాస్త ముందుకెళ్లాక బావ సోఫాలో ముందుకి జరిగి "ఆ కీబోర్డాయన ఎవర్రా, మొత్తం ఆయనే మోస్తున్నాడు" అన్నాడు. ఫ్లాయిడ్ పేరు కూడా సరిగ్గా పలకలేని మనిషండీ! మేం హాస్టల్లో అన్ని రాత్రులు విని అనని మాట అది. నిజంగానే రిచర్డ్ రైట్ ఆర్గాన్ గిటార్ కింద నలక్కుండా పక్కన విడిగా వినిపిస్తోంది, గొంతు కూడా గిల్మోర్ గొంతులో కలిసిపోకుండా తెలుస్తోంది. తర్వాత వన్ ఆఫ్ దీజ్ డేస్ పాటలో డ్రమ్మర్ నిక్ మేసన్ చేతిలోంచి డ్రమ్ స్టిక్ ఎగిరిపోతే ఇంకోటి అందుకుని ఆపకుండా వాయించేస్తాడు, అది మాత్రం బావ రివైండ్ చేయించుకుని మరీ చూశాడు.

ఇంతకీ నేను చెప్పొచ్చేది, ఫ్లాయిడ్‌లో సగం బ్యాండ్ రిచర్డ్ రైటే. అలాంటి మనిషిని ది వాల్ ఆల్బమ్ టైంలో బ్యాండ్‌లోంచి పంపించేశారు. 2008లో పోయాడు, ఈ మిక్స్ వినలేదు.

మన దగ్గర రీమిక్స్ అంటే ఏంటంటే, ఘంటసాల పాట కింద డప్పు బీట్ వేసి, పైన 8డి ఆడియో, హెడ్‌ఫోన్స్ తప్పనిసరి అని రాసి, గొంతుని చెవుల చుట్టూ గిరగిరా తిప్పడం. తలనొప్పి తప్ప ఏం రాదు. దానికి కింద కామెంట్లలో గూస్‌బంప్స్ అట.

అలాగని విల్సన్ని నెత్తిన పెట్టుకోమని కాదు. ఆల్బమ్‌లో కూడా సినిమాలో లాగే ఎకోస్‌ని రెండు ముక్కలు చేసి ఒకటి మొదట్లో, ఒకటి చివర్లో పెట్టారు. వినేవాడు మధ్యలో లేచి ట్రాక్ మార్చుకోవాలా? అయినా యూకేలో నంబర్ వన్ అయింది, అమ్ముకోడానికేనా అన్నారుగా, బాగానే అమ్ముకున్నారు.

మీరు వినాలనుకుంటే రెండో డిస్క్‌లో సాసర్‌ఫుల్ ఆఫ్ సీక్రెట్స్ పాట కత్తిరించకుండా ఉంది, ముందు అది వినండి. అట్మాస్ (చుట్టూ నుంచి వినిపించే సౌండ్) కోసం కొత్త హెడ్‌ఫోన్స్ కొనాలా అని కింద అడక్కండి, అక్కర్లేదు, మామూలు స్టీరియో చాలు. ఫోన్లో బేస్ బూస్ట్ మాత్రం ఆపేయండి.