మంచు కొండ ఎక్కే ముందు పాదాలు చూపించుకోండి

ప్రశ్న: నా వయసు 52. ఎనిమిదేళ్లుగా షుగర్, నాలుగేళ్లుగా బీపీ ఉన్నాయి. మాత్రలతో అదుపులోనే ఉంటున్నాయి. ఈమధ్య అరికాళ్లలో తిమ్మిర్లు వస్తున్నాయి. డిసెంబరులో మా అబ్బాయితో కలిసి ఉత్తరాఖండ్‌లోని కేదార్‌కంఠ ట్రెక్కింగ్‌కు వెళ్లాలనుకుంటున్నాను. రాత్రుళ్లు టెంట్లలోనే పడుకోవాలట. వెళ్లొచ్చా?
– ఒక పాఠకుడు, హనుమకొండ

జవాబు: షుగర్, బీపీ ఉన్నంత మాత్రాన కొండ ఎక్కకూడదని లేదు. అయితే మీరు రాసిన వాటిలో నన్ను ఎక్కువగా ఆలోచింపజేసింది అరికాళ్ల తిమ్మిరి. టికెట్లు బుక్ చేసుకునే ముందే ఆ సంగతి తేల్చుకోండి.

షుగర్ వల్ల నరాలు దెబ్బతింటే పాదాలకు స్పర్శ తగ్గిపోతుంది. సన్నటి నైలాన్ పోగుతో అరికాలిని అక్కడక్కడా తాకి, మీకు తెలుస్తోందో లేదో డాక్టర్ చూస్తారు. ఐదు నిమిషాల పరీక్ష. స్పర్శ బాగా తగ్గి ఉంటే మంచులో నడక వద్దనే చెబుతాను. బూటు ఒరుసుకుని మడమ మీద బొబ్బ లేచినా, వేళ్లు చలికి మొద్దుబారినా మీకు తెలియదు. ఇంకో ప్రమాదం చలిమంట. సాక్సులు తడిసి, కాళ్లు గడ్డకట్టినట్టుంటే ఎవరైనా మంట దగ్గరగా చాపుతారు. స్పర్శ లేని పాదం కాలుతున్నా మీరు వెనక్కి తీసుకోరు. షుగర్ పేషెంట్లలో ఇలాంటి పుండ్లు మానడానికి నెలలు పడుతుంది. అందుకే కాళ్లను మంట దగ్గర చాపొద్దు. పొడి ఉన్ని సాక్సులు మార్చుకోండి. రోజూ రాత్రి టార్చి వెలుగులో మీ అబ్బాయికి రెండు అరికాళ్లూ చూపించండి. దీనికి మొహమాటపడొద్దు. కొత్త బూట్లను కనీసం నెల ముందు నుంచే వేసుకుని నడవండి.

ఇక ఎత్తు సంగతి. ట్రెక్ మొదలయ్యే సాంక్రి సుమారు 6,400 అడుగుల ఎత్తులో ఉంటుంది. పైన్ అడవిలో నడుస్తూ జూడా కా తలాబ్ అనే సరస్సు దగ్గరకు చేరితే 9,000 అడుగులు దాటుతాయి. శిఖరం సుమారు 12,500 అడుగులు. మామూలుగా 8,000 అడుగులు దాటాక ఆక్సిజన్ తగ్గిన ప్రభావం కొందరిలో కనిపిస్తుంది. తలనొప్పి, వికారం, నిద్ర పట్టకపోవడం దాని లక్షణాలు. దారిలో ఒకరోజు అదనంగా ఆగేలా ప్లాన్ చేసుకుంటే శరీరం అలవాటుపడుతుంది. ఎసిటజోలమైడ్ మాత్ర కొందరికి పనికొస్తుంది కానీ, సల్ఫా మందులు పడనివారికి, కిడ్నీ సమస్య ఉన్నవారికి కుదరకపోవచ్చు. మెడికల్ షాపులో అడిగి సొంతంగా కొనొద్దు. మద్యం, నిద్రమాత్రలు అసలే వద్దు.

మీ మాత్రల పేర్లు రాయలేదు. గ్లిమెపిరైడ్ వాడుతుంటే గంటల తరబడి నడకలో షుగర్ ఒక్కసారిగా పడిపోవచ్చు. గ్లూకోజ్ పొడి బ్యాగులో కాకుండా జేబులో పెట్టుకోండి. డపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ లాంటి షుగర్ మాత్రలైతే ఒంట్లో నీరు తగ్గి ఇబ్బంది రావచ్చు, వెళ్లే ముందు మీ డాక్టర్‌తో మాట్లాడండి. విపరీతమైన చలికి గ్లూకోమీటర్ పనిచేయకపోవచ్చు. దాన్ని జాకెట్ లోపల ఒంటికి ఆనించి ఉంచండి. టెంట్లో మాత్రం కుంపటి, స్టవ్ వెలిగించొద్దు. కార్బన్ మోనాక్సైడ్ నిద్రలోనే ప్రాణం తీస్తుంది.

ఈసీజీ, డాక్టర్ చెబితే ట్రెడ్‌మిల్ టెస్ట్, కిడ్నీ, కంటి రెటీనా పరీక్షలు ఇప్పుడే చేయించుకోండి. అన్నీ బాగుంటే రోజూ మెట్లెక్కడం మొదలుపెట్టండి.

మీ అబ్బాయికి ఒక్కమాట: నాన్నగారు తూలుతూ నడిచినా, మాట తడబడినా, కూర్చున్నప్పుడూ ఆయాసపడినా ఉదయం వరకు ఆగొద్దు. వెంటనే గైడ్‌కు చెప్పి కిందకు దించేయండి, అర్ధరాత్రయినా సరే.