టర్బో కారుకు ఏ ఆయిల్? మిగుల్చుకోవాల్సింది డబ్బాలో కాదు, బిల్లులో

ప్రశ్న: మాది విజయవాడ. గుంటూరులో ఉద్యోగం, చేతికొచ్చే జీతం నెలకు 62,000. రెండేళ్ల క్రితం లోన్ మీద టర్బో పెట్రోల్ కారు కొన్నాను, ఈఎంఐ 14,500. ఏడాదికి 15,000 కిలోమీటర్లు తిరుగుతుంది. మాన్యువల్‌లో ఆయిల్ చిక్కదనం 5డబ్ల్యూ-30, ప్రమాణం ఏపీఐ ఎస్‌పీ అని ఉంది. సర్వీస్ సెంటర్‌లో అది లీటరు 950. ‘టర్బో బండి కదా సార్, ప్రీమియం వేయించండి’ అంటూ 0డబ్ల్యూ-40 కూడా చూపించారు, అది 1,400. మా వీధి మెకానిక్ 15డబ్ల్యూ-40 లీటరు 350కే పోస్తానంటున్నాడు. చిక్కటి ఆయిలైతే ఎండలకు టర్బోకి మంచిదని కూడా చెప్పాడు. నాలుగు లీటర్లు పడుతుంది. మా ఆఫీసులో ఒకాయనకు టర్బో మార్చడానికి 90,000 ఎస్టిమేట్ ఇచ్చారు. నా దగ్గర అత్యవసరానికి ఉన్నది 40,000. సర్వీస్ ఎస్టిమేట్, మెకానిక్ చూపించిన డబ్బా ఫొటో పంపుతున్నాను. ఎక్కడ తగ్గించుకోవాలి? 16,000 కట్టి రెండేళ్ల ఎక్స్‌టెండెడ్ వారంటీ తీసుకోమంటారా?

జవాబు: ఆయిల్ గ్రేడ్ దగ్గర మాత్రం తగ్గించుకోకండి. మీరు మిగుల్చుకోగలిగిన డబ్బు మీరు పంపిన ఎస్టిమేట్‌లోనే ఉంది, కాకపోతే ఆయిల్ వరుసకు కింద ఉన్న మూడు వరుసల్లో.

ముందు మెకానిక్ లెక్క చూద్దాం. లీటరుకు 600 తేడా, నాలుగు లీటర్లకు 2,400. మీ కారుకు 10,000 కిలోమీటర్లకో ఏడాదికో ఆయిల్ మార్చాలనుకుంటే, మీ తిరుగుడుకి ఏడాదికి సగటున ఒకటిన్నర మార్పు పడుతుంది. అంటే ఏడాదికి 3,600, నెలకు 300 రూపాయలు. కిలోమీటరుకు 24 పైసలు. మీ సహోద్యోగికి ఇచ్చిన 90,000 ఎస్టిమేట్‌ని ఈ 3,600తో భాగించండి, 25 వస్తుంది. ఒక్క టర్బో, అంటే ఇంజిన్‌లోకి గాలిని ఒత్తి పంపే భాగం, పోతే ఇలా పాతికేళ్లు పొదుపు చేసినది ఒక్కసారిగా పోయినట్టే. ఏ కారునైనా పాతికేళ్లు ఉంచుకునేవాళ్లు ఎంతమంది?

ఆ పోయే అవకాశం నిజంగా ఉందా అంటే, మీరు పంపిన డబ్బా ఫొటోలోనే జవాబుంది. దాని మీద 15డబ్ల్యూ-40 అని పెద్ద అక్షరాల్లో, కింద చిన్నగా ‘సీఐ-4 ప్లస్’ అని ఉంది. ఏపీఐ అంటే అమెరికన్ పెట్రోలియం ఇన్‌స్టిట్యూట్. వాళ్ల గుర్తుల్లో ఎస్‌తో మొదలయ్యేవి పెట్రోల్ ఇంజిన్లకు, సీతో మొదలయ్యేవి డీజిల్ ఇంజిన్లకు. మీ మెకానిక్ చూపించింది లారీలకు, ట్రాక్టర్లకు పోసే ఆయిల్. వాటికి అది మంచి ఆయిలే. మీ ఇంజిన్‌కు కాదు.

ఎందుకో కొంచెం వివరంగా చెప్తాను, ఎందుకంటే ఆయిల్ అనగానే అందరూ చిక్కదనం ఒక్కటే చూస్తారు. మీలాంటి చిన్న టర్బో పెట్రోల్ ఇంజిన్లలో, ముఖ్యంగా పెట్రోల్‌ని నేరుగా సిలిండర్‌లోకి కొట్టే రకంలో, ఒక జబ్బుంది. ఇంజిన్ తక్కువ చుట్లు తిరుగుతూ (తక్కువ ఆర్‌పీఎంలో), పై గేర్‌లో ఉండగా యాక్సిలరేటర్ గట్టిగా తొక్కితే, ప్లగ్ నిప్పు ఇవ్వకముందే లోపలి మిశ్రమం అంటుకుంటుంది. ఆ దెబ్బకు పిస్టన్ పగిలిన సందర్భాలూ ఉన్నాయి. ఆయిల్‌లో శుభ్రత కోసం కలిపే కాల్షియం రసాయనాలు ఎక్కువైతే ఈ ముప్పు పెరుగుతుందని తేలింది. అందుకే 2018లో ఎస్‌ఎన్ ప్లస్, 2020లో ఎస్‌పీ ప్రమాణాలు వచ్చాయి. ఎస్‌పీలో, ఇంజిన్ వాల్వులను వేళకు తెరిపించే టైమింగ్ చైన్ అరుగుదలకూ పరీక్ష పెట్టారు. డీజిల్ లారీ ఆయిల్‌ని ఈ పరీక్షల కోసం తయారు చెయ్యరు, ఇంజిన్‌లో పుట్టే ఆమ్లాల్ని అణచడానికి అందులో ఆ కాల్షియమే దండిగా వేస్తారు.

ఇక చిక్కదనం. మెకానిక్ మాటలో సగం నిజముంది. డబ్ల్యూ ముందున్న అంకె చలిలో ఆయిల్ ఎలా కదులుతుందో చెబుతుంది. 0డబ్ల్యూని మైనస్ 35 డిగ్రీల దగ్గర, 5డబ్ల్యూని మైనస్ 30 దగ్గర పరీక్షిస్తారు. బెజవాడలో సంక్రాంతి చలికి 15డబ్ల్యూ కూడా గడ్డకట్టదు, అది ఒప్పుకోవాల్సిందే. కానీ పొద్దున్నే స్టార్ట్ చేసిన తొలి క్షణాల్లో పల్చటి ఆయిల్ టర్బో దాకా త్వరగా చేరుతుంది. అక్కడ షాఫ్ట్ నిమిషానికి లక్షకు పైగా చుట్లు తిరుగుతుంది, దాన్ని నిలబెట్టేది ఆ ఆయిల్ పొరే.

రెండో అంకె 100 డిగ్రీల దగ్గర కొలిచిన చిక్కదనం. ‘ఎండలకు చిక్కటిది మంచిది’ అనే మాట ఇక్కడే తేలిపోతుంది. బయట మే నెలలో 45 డిగ్రీలున్నా, కూలెంట్ ఇంజిన్ వేడిని ఇంచుమించు ఒకే స్థాయిలో ఉంచుతుంది. కంపెనీ తన ఆయిల్ పంపునీ, బేరింగుల సందునీ 30 గ్రేడ్ లెక్కలో చేసింది. మీ మాన్యువల్‌లో ఉష్ణోగ్రతల పట్టిక ఉండి, అందులో 5డబ్ల్యూ-40కీ అనుమతి ఉంటే, నిండా మనుషులతో ఎండలో హైవే మీద ఎక్కువగా తిరిగేవాళ్లు నిరభ్యంతరంగా అది వాడొచ్చు. మీరు చెప్పినదాన్ని బట్టి మీ మాన్యువల్‌లో ఉన్నది 5డబ్ల్యూ-30 ఒక్కటే. వారంటీ ఉన్నన్నాళ్లూ దాన్ని దాటొద్దు. చిక్కటి ఆయిల్‌కు మైలేజీ కూడా తగ్గుతుంది. లీటరుకు 15 కిలోమీటర్లు వస్తే మీకు ఏడాదికి 1,000 లీటర్ల పెట్రోల్ అవుతుంది. ఒక్క శాతం తగ్గినా 10 లీటర్లు, వెయ్యి రూపాయలు దాటిపోతుంది. మెకానిక్ మిగిల్చిన 3,600లో నాలుగో వంతు బంకులోనే పోతుంది.

ఇదే లెక్కన సర్వీస్ సెంటర్ చూపించిన 1,400 రూపాయల 0డబ్ల్యూ-40 కూడా మీకు అక్కర్లేదు. మైనస్ 35 డిగ్రీల బలం కోసం మీరు డబ్బు కట్టడమేమిటి? ఒక్కో మార్పుకు 1,800 అదనం. ఖరీదు ఎక్కువైనంత మాత్రాన మీ ఇంజిన్‌కు సరైనది అయిపోదు.

ఇప్పుడు అసలు డబ్బు. మీ ఎస్టిమేట్‌లో ఇంజిన్ ఫ్లష్ (లోపల కడగడం) 1,200, ఆయిల్ యాడిటివ్ 800, ఏసీ డిస్‌ఇన్‌ఫెక్షన్ 600 ఉన్నాయి. మొత్తం 2,600. మెకానిక్ ఆయిల్‌తో మీకు మిగిలేది 2,400. ఈ మూడూ వద్దంటే చాలు, ఇంజిన్‌ని ఏ ముప్పులోకీ నెట్టకుండా అంతకంటే ఎక్కువే మిగులుతుంది. రెండేళ్ల బండికి, వేళకు ఆయిల్ మార్చిన బండికి ఫ్లష్ అవసరం లేదు. ఆయిల్‌లో విడిగా ఏమీ కలపొద్దని చాలా కంపెనీల మాన్యువల్స్‌లోనే రాసి ఉంటుంది. ఏసీలో వాసన వస్తేనే ఆ 600 సంగతి ఆలోచించండి. జాబ్‌కార్డ్ మీద సంతకం పెట్టకముందే ఈ మూడు వరుసలూ కొట్టేయించండి. బండి డెలివరీ అప్పుడు అడిగితే ‘చేసేశాం సార్’ అంటారు.

ఆయిల్ ఫిల్టర్ మాత్రం ప్రతిసారీ మార్పించండి, అక్కడ బేరం వద్దు.

ఎక్స్‌టెండెడ్ వారంటీ తీసుకోండి. మామూలుగా ఇలాంటివి అందరికీ చెప్పను. ఆరు నెలల ఖర్చు పక్కన పెట్టుకున్నవాళ్లకైతే ఆ 16,000 బ్యాంకులోనే ఉంచుకోమంటాను. మీ దగ్గరున్నది 40,000. టర్బో పోతే 50,000 క్రెడిట్ కార్డు మీదకెక్కుతుంది, నెలకు మూడు శాతానికి అటూఇటూ వడ్డీతో. అది మీ ఈఎంఐనే తడబడేలా చేస్తుంది. అయితే డబ్బు కట్టేముందు కాగితాల్లో రెండు చూడండి: కవరయ్యే భాగాల జాబితాలో టర్బోచార్జర్ పేరు ఉందా, సర్వీసులన్నీ వాళ్ల దగ్గరే చేయించాలన్న షరతుందా. మొదటి వారంటీ ముగిసేలోపే తీసుకోవాలి, మీది మూడేళ్ల వారంటీ అయితే ఇంకా ఏడాది టైముంది. ఆ మూడు వరుసలు మానుకున్నందుకు, ఏడాదికి ఒకటిన్నర సర్వీసు లెక్కన మిగిలే 3,900 రెండేళ్లలో 7,800 అవుతుంది. దాదాపు సగం ప్రీమియం అక్కడే వచ్చేసింది.

వారంటీలన్నీ అయిపోయాక బయట వేయించుకోవచ్చు. అదే 5డబ్ల్యూ-30, అదే ఎస్‌పీ గుర్తున్న ఆయిల్ బయట ఎంతకు దొరుకుతుందో అప్పుడు కనుక్కోండి, తరచూ తక్కువకే వస్తుంది. జీఎస్టీ బిల్లుతో అధీకృత డీలర్ దగ్గరే కొనండి, సీలు మీ ఎదురుగా తీయించండి. ఖాళీ డబ్బాలకు రంధ్రం చేసి పడేయండి, వాటిలో నకిలీ నింపి అమ్మేవాళ్లున్నారు.

ఇన్సూరెన్స్ ఆదుకుంటుందని అనుకోవద్దు. కాంప్రిహెన్సివ్ పాలసీలో అరుగుదల, మెకానికల్ బ్రేక్‌డౌన్ కవర్ కావు. ఇంజిన్ ప్రొటెక్ట్ యాడ్-ఆన్ ప్రధానంగా నీళ్లు ఇంజిన్‌లోకి పోయినప్పుడు, లేదా కింద రాయి తగిలి ఆయిల్ కారిపోయి ఇంజిన్ దెబ్బతిన్నప్పుడు పనికొస్తుంది. 2024 సెప్టెంబరులో బుడమేరు వరద చూసిన ఊరు కాబట్టి మీరు దాన్ని తీసుకోవడం మంచిదే. తప్పు ఆయిల్ పోసి టర్బో పోగొట్టుకుంటే అది రూపాయి ఇవ్వదు.

డీజిల్ టర్బో ఉన్నవాళ్లకు ఒక మాట. 2020 ఏప్రిల్ తర్వాతి బీఎస్-6 డీజిల్ కార్లలో పొగ మసిని పట్టే డీపీఎఫ్ ఫిల్టర్ ఉంటుంది. బూడిద తక్కువ మిగిల్చే ఆయిల్, అంటే మాన్యువల్‌లో ఏసీఈఏ (యూరప్ కార్ల కంపెనీల సంఘం) గుర్తు సీ2 లేదా సీ3 అని రాసి ఉంటే అదే వాడాలి. లేకపోతే ఆ ఫిల్టర్ పూడుకుపోతుంది, దాని ఖరీదూ తక్కువేం కాదు.

కారు ఖర్చుకు విడిగా ఒక ఆర్‌డీ (నెలనెలా కట్టే రికరింగ్ డిపాజిట్) తెరవండి. సర్వీసులకు ఏడాదికి 12,000, ఇన్సూరెన్స్‌కు 21,000, టైర్ల కోసం ఏటా 6,000 పక్కన పెడితే మొత్తం 39,000, నెలకు 3,250. మీ బిల్లుల్ని బట్టి అంకెలు సర్దుకోండి. జీతం పడిన మర్నాడే అది వెళ్లిపోయేలా పెడితే, సర్వీస్ నెలలో 350 రూపాయల డబ్బా వైపు చూసే అవసరం రాదు.

ఖర్చు లేని పనులు రెండు. నెలకోసారి సమంగా ఉన్న చోట బండి ఆపి, కొన్ని నిమిషాలు ఆగి డిప్‌స్టిక్ (ఆయిల్ మట్టం చూపే కడ్డీ) తీసి చూడండి. టర్బో ఇంజిన్లు కొంత ఆయిల్ తాగుతాయి, మట్టం పడిపోవడం గ్రేడ్ తేడా కంటే ప్రమాదం. కాజ టోల్‌గేటు దాటి హైవే మీద వేగంగా వచ్చి అలాగే ఆఫీసు గేటు ముందు కీ ఆపేయొద్దు. చివరి కిలోమీటరు నెమ్మదిగా రండి, లేదా అర నిమిషం ఐడిల్‌లో ఉంచండి. ఆ వేడిలో ఆగిపోయిన ఆయిల్ టర్బో బేరింగుల దగ్గర మాడి బొగ్గులా పేరుకుంటుంది.